ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టాక కూడా వేడెక్కిన పాత ట్రక్కు: ఒక కేస్ స్టడీ

బండి నేపథ్యం

1970ల నాటి పికప్ ట్రక్కు. 5.2 లీటర్ల వి8 పెట్రోల్ ఇంజన్, కార్బ్యురేటర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఏసీ కంపెనీ నుంచి వచ్చింది కాదు, తర్వాత బిగించినది. రేడియేటర్ మూడు వరసల రాగి-ఇత్తడి కోర్, వెడల్పు 71 సెంటీమీటర్లు, ఎత్తు 43. ఆల్టర్నేటర్ 60 యాంపియర్లది, రెగ్యులేటర్ విడిగా ఫైర్‌వాల్ (ఇంజన్‌కు, క్యాబిన్‌కు మధ్య ఉండే గోడ) మీద ఉంది. డాష్‌బోర్డులో వోల్ట్ మీటర్ లేదు, అమ్మీటర్ (తన గుండా పోయే కరెంటును చూపేది) ఉంది. ఈ చివరి సంగతి మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

బండి వారంలో ఎక్కువ రోజులు ట్రాఫిక్‌లో తిరుగుతుంది, అప్పుడప్పుడు ట్రైలర్ లాగుతుంది. మొదట ఉన్నది వాటర్ పంప్ మూతికి బిగించే మామూలు మెకానికల్ ఫ్యాన్, మధ్యలో సిలికాన్ ఆయిల్ క్లచ్. ఆ క్లచ్ పాడైంది. హబ్ చుట్టూ చక్రం ఆకుల్లా జిడ్డు చారలు వచ్చాయంటే లోపలి ఆయిల్ బయటికి వచ్చేసిందని అర్థం. వేడి ఇంజన్ ఆపి ఫ్యాన్‌ను చేత్తో ఒక్క తోపు తోస్తే అది మూడు నాలుగు చుట్లు తిరిగింది, బాగున్న క్లచ్ అలా తిరగదు. కొత్త క్లచ్ వేయడానికి బదులు యజమాని 16 అంగుళాల యూనివర్సల్ ఎలక్ట్రిక్ ఫ్యాన్ కొని సొంతంగా బిగించుకున్నారు.

వర్క్‌షాప్‌కు వచ్చినప్పటి ఫిర్యాదులు

ఫిర్యాదులు నాలుగు. ఏసీ వేసి ట్రాఫిక్‌లో పది నిమిషాలు నిలబడితే కూలెంట్ 108 డిగ్రీలకు పోతోంది. ఫ్యాన్ ఒకసారి ఆన్ అయితే ఆగదు, చల్లటి ఉదయం పూట కూడా తిరుగుతూనే ఉంటుంది. కీ తీసినా ఇంజన్ వెంటనే ఆగదు, రెండు మూడు సెకన్లు నడిచి అప్పుడు ఆగుతుంది. డాష్‌బోర్డు వెనక అప్పుడప్పుడు ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది.

యజమాని అడిగింది మాత్రం ఒక్కటే: “ఈ ఫ్యాన్‌కు సత్తా లేదు, ఇంకా పెద్దది వేయండి.” పెద్దది వేస్తే కరెంటు ఇంకా ఎక్కువ లాగుతుంది. కాలిన వాసన వస్తున్న బండిలో అది చేయకూడని పని. అందుకే వేడి సంగతి పక్కన పెట్టి వాసన సంగతి ముందు చూడాలని నిర్ణయించాం. ఇంజన్ వేడెక్కితే రోడ్డు పక్కన ఆపుకోవచ్చు, డాష్‌బోర్డు వెనక వైరింగ్ అంటుకుంటే ఆ అవకాశం ఉండదు.

ముందుగా చూసినవి

బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఫైర్‌వాల్ దగ్గర ఇంజన్ వైరింగ్ క్యాబిన్‌లోకి వెళ్లే పెద్ద కనెక్టర్‌ను ఊడదీశాం. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే లావు వైరు టెర్మినల్ చుట్టూ ప్లాస్టిక్ టీ రంగుకు తిరిగి ఉంది. వాసన అక్కడిదే. ఈ తరం బండ్లలో ఆల్టర్నేటర్ కరెంటు మొత్తం ఆ చిన్న రేకు టెర్మినల్ గుండానే క్యాబిన్‌లోకి వెళ్తుంది. అక్కడ ఒక జాయింట్ దగ్గర చీలి, కొంత ఇగ్నిషన్‌కు, ఫ్యూజ్ బాక్సుకు పోతుంది. మిగిలినది అమ్మీటర్ దాటి, మళ్లీ అదే కనెక్టర్‌లోని ఇంకో టెర్మినల్ గుండా బ్యాటరీకి వస్తుంది. హెడ్‌లైట్లు, హీటర్ ఉన్న కాలానికి అది సరిపోయింది.

ఫ్యాన్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) లోపలికి పెద్ద కరెంటు వచ్చేది 30 నంబర్ టెర్మినల్‌కు; అది ఎక్కడి నుంచి తీశారో చూస్తే, ఫ్యూజ్ బాక్సులోని ఇగ్నిషన్ లైను నుంచి. కీ తీసినా ఇంజన్ ఆగకపోవడానికి కారణం దొరికింది. కీ తీసిన క్షణంలో ఫ్యాన్ ఇంకా జోరుగా తిరుగుతుంటుంది. పర్మనెంట్ మాగ్నెట్ మోటారు కాబట్టి తిరుగుతున్నంతసేపు అది జనరేటర్‌లా కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు మూసి ఉన్న రిలే కాంటాక్టు గుండా వెనక్కి ఇగ్నిషన్ లైనులోకి పోతుంది. రిలే కాయిల్‌ను పట్టి ఉంచేదీ అదే, స్పార్క్ కోసం ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు ఇచ్చేదీ అదే. ఫ్యాన్ వేగం పడిపోయి వోల్టేజ్ తగ్గాక రిలే వదులుతుంది, అప్పుడు ఇంజన్ ఆగుతుంది. దీన్ని కార్బ్యురేటర్ లోపమనుకుని ఐడిల్ స్క్రూ తిప్పుతూ కూర్చునేవాళ్లు ఉన్నారు. ఫ్యాన్ ప్లగ్ ఊడదీసి కీ తీయండి. ఇంజన్ వెంటనే ఆగితే తప్పు ఇక్కడే.

తర్వాత వోల్టేజ్ డ్రాప్. ఇంజన్ ఐడిల్‌లో, ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ దగ్గర 13.1 వోల్టులు, ఫ్యాన్ ప్లగ్ దగ్గర 10.9. మధ్యలో 2.2 వోల్టులు ఎక్కడో పోతున్నాయి. ఒక్కో ముక్కను విడిగా కొలిచాం: 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 0.5, ఫ్యూజ్ హోల్డర్‌లో 0.4, రిలే సాకెట్‌లో 0.4, ఎర్త్‌లో 0.9. అన్నిటికన్నా ఎక్కువ పోతున్నది ఎర్త్‌లో. రేడియేటర్ సపోర్ట్ మీద పెయింట్ గీకకుండా రేకు స్క్రూతో బిగించారు. ఫ్యాన్ వేగం దాదాపు వోల్టేజ్‌ను బట్టే ఉంటుంది, అది లాగే గాలి ఆ ఫ్యాన్ వేగాన్ని బట్టి ఉంటుంది. అంటే దాదాపు ఆరో వంతు గాలి వైరింగ్‌లోనే పోయింది. సత్తా లేని ఫ్యాన్ అన్న మాట పూర్తిగా న్యాయం కాదు.

ఫ్యాన్ ఆగకపోవడానికి కారణం ఇంకా చిన్నది. టెంపరేచర్ ప్రోబ్‌ను రేడియేటర్ ఫిన్లలోకి గుచ్చి, భయంతో నాబ్‌ను అన్నిటికన్నా కిందికి తిప్పి ఉంచారు. ఇంజన్‌లో ఉన్నది 91 డిగ్రీల థర్మోస్టాట్ (వేడిని బట్టి తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్). థర్మోస్టాట్ తెరుచుకునేదే 91 దగ్గర అయితే, అంతకన్నా తక్కువలో ఆగాల్సిన ఫ్యాన్‌కు ఆగే సందర్భమే రాదు. ఫ్యాన్ ఎంత గాలి లాగినా థర్మోస్టాట్ మూసుకుని ఇంజన్‌ను తన లెక్క దగ్గరే ఉంచుతుంది. పైగా గుచ్చిన ప్రోబ్ అదురుకు ట్యూబును రాసుకుంటూ ఉంటుంది. ఇక్కడ అప్పటికే ఇత్తడి మెరుస్తున్న గీత పడింది, ఇంకొన్నాళ్లు ఆగితే కారేది. ఫ్యాన్‌ను కోర్‌లోంచి దూర్చిన ప్లాస్టిక్ పిన్నులతో బిగించారు. వాటి సంగతీ అంతే.

పాత ఫ్యాన్ తీసినప్పుడు జరిగిన ఇంకో పొరపాటు కూడా కనిపించింది. వాటర్ పంప్ పుల్లీని పట్టి ఉంచేది ఫ్యాన్ బోల్టులే. ఫ్యాన్ తీసేస్తే ఆ మందం పోతుంది, పాత బోల్టులు పొడుగైపోతాయి. వాషర్లు పేర్చి సరిపెట్టారు. నాలుగింటిలో రెండు వదులై పుల్లీ కంటికి కనిపించేంత ఊగుతోంది. అదే మర మీద పొట్టి బోల్టులు, స్ప్రింగ్ వాషర్లు వేశాం. పంప్ షాఫ్ట్ మూతి పుల్లీ మధ్య రంధ్రంలో సరిగ్గా కూర్చుందో లేదో వేలితో తడిమి చూశాకే బిగించాం.

ఫ్యాన్‌ను తప్పుపట్టే ముందు ఇవి కూడా చూశాం: రేడియేటర్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో పై నుంచి కిందికి గళ్లు గళ్లుగా కొలిస్తే చల్లటి మచ్చలు లేవు, కోర్ పూడలేదు. కింది హోస్ లోపలికి నొక్కుకుపోకుండా ఉంచే స్ప్రింగ్ ఉంది. ప్రెషర్ క్యాప్ 1.1 బార్ పట్టింది. టైమింగ్ సరిగ్గా ఉంది, ఐడిల్‌లో వ్యాక్యూమ్ అడ్వాన్స్ పనిచేస్తోంది. 60 కిలోమీటర్ల వేగం దాటితే టెంపరేచర్ దానంతట అదే దిగుతోంది. ఆ వేగంలో ఎదురుగాలే చాలు, ఫ్యాన్ పని పెద్దగా ఉండదు. కాబట్టి లోపం నిలబడ్డప్పటి గాలిలోనే ఉంది. హైవేలో వేడెక్కి ట్రాఫిక్‌లో చల్లబడే బండి అయితే ఫ్యాన్ జోలికే వెళ్లేవాళ్లం కాదు.

పాత పద్ధతికి వెళ్లాలా?

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. కొత్త క్లచ్, పాత ఫ్యాన్, దాని ష్రౌడ్ (గాలి కోర్ మొత్తం గుండా వచ్చేలా ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు) తిరిగి బిగిస్తే ఈ నాలుగు ఫిర్యాదులూ ఒక్క పూటలో పోయేవి. మంచి క్లచ్ ఫ్యాన్ నెమ్మదిగా బరువు లాగే పనిలో ఎలక్ట్రిక్ ఫ్యాన్ కన్నా ఒక మెట్టు పైనే ఉంటుంది, కరెంటుతో దానికి పనీ లేదు. ఇదే యజమానికి చెప్పాం. ఆయన కారణాలు కొట్టిపారేసేవి కావు: పాత ష్రౌడ్ పగిలిపోయింది, ఆ కొలతకు మళ్లీ దొరకడం కష్టం, బండి ఎక్కువ తిరిగేది ట్రాఫిక్‌లో, అక్కడ ఇంజన్ తిరిగే వేగంతో సంబంధం లేని గాలి కావాలి. సరే, ఎలక్ట్రిక్కే. కానీ పని ఫ్యాన్‌తో మొదలుపెట్టలేదు, కరెంటు లెక్కతో మొదలుపెట్టాం.

ఐడిల్‌లో, రాత్రి, ఏసీ ఆన్‌లో ఉన్నప్పుడు క్లాంప్ మీటర్‌తో ఒక్కొక్కటీ కొలిచి వేసిన లెక్క ఇది: ఇగ్నిషన్ 5 యాంపియర్లు, ఏసీ బ్లోయర్ 12, కంప్రెసర్ క్లచ్ 4, లైట్లు 10. ఇవే 31. వర్షం పడితే వైపర్లు ఇంకో 4. ఇదే సమయంలో పాత ఆల్టర్నేటర్ ఐడిల్‌లో ఇస్తున్నది 24. దాని మీద రాసిన 60 యాంపియర్లు ఇంజన్ బాగా తిరిగినప్పటి సంఖ్య. ఐడిల్‌లో సగం కూడా రాకపోవడం ఆ తరం ఆల్టర్నేటర్లకు మామూలే. అంటే ఫ్యాన్ లేకుండానే బ్యాటరీ నుంచి అప్పు తీసుకుంటున్నారు. ఫ్యాన్‌కు 19 కలిపితే ట్రాఫిక్‌లో గంట నిలబడ్డ బండి మళ్లీ స్టార్ట్ అవడమే అనుమానం. అప్పు పెరిగేకొద్దీ వోల్టేజ్ పడుతుంది, వోల్టేజ్ పడేకొద్దీ ఫ్యాన్ నెమ్మదిస్తుంది. వేడెక్కిన ఇంజన్‌కు మరీ అవసరమైనప్పుడే గాలి తగ్గుతుంది.

మొదటి ప్రయత్నం, అందులో మన తప్పు

ఇలాంటి మార్పిడుల్లో తరచూ వినిపించేది ఫోర్డ్ టారస్ 3.8 ఇంజన్ కారు ఫ్యాన్. ఒకే మోటారు, రెండు స్పీడ్లు, మందపాటి ఆకులు. అలాంటి రెండు స్పీడ్ల పాత కారు ఫ్యాన్‌ను ఎంచుకున్నాం. బల్ల మీద పరీక్షిస్తే లో స్పీడ్‌లో 18 యాంపియర్లు, హైలో 33. నిలబడ్డ ఫ్యాన్‌ను నేరుగా హైలో స్టార్ట్ చేస్తే మొదటి అర సెకను 90 దాకా వెళ్లింది. ఫ్యూజ్, రిలే, వైరు ఈ మూడూ ఎంచుకోవాల్సింది 33ని ఒక్కదాన్నే చూసి కాదు, 90ని కూడా చూసి. 30 యాంపియర్ల రేకు ఫ్యూజ్, దానితో వచ్చే ప్లాస్టిక్ హోల్డర్ ఈ పనికి రావు. ఫ్యూజ్ పోకపోయినా హోల్డర్ కరుగుతుంది.

10 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీకి 20 సెంటీమీటర్ల లోపు 60 యాంపియర్ల మ్యాక్సీ ఫ్యూజ్, 70 యాంపియర్ల రిలేలు. ఎర్త్ కూడా అదే మందం వైరుతో నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కు. రిలే 30 ఇప్పుడు బ్యాటరీ పాజిటివ్ నుంచి, రిలే కాయిల్‌కు కరెంటు ఇచ్చే 86 మాత్రం ఇగ్నిషన్ నుంచి 5 యాంపియర్ల ఫ్యూజ్‌తో. ఇంజన్ కీతో పాటే ఆగింది, ఊహించినట్టే. ఫ్యాన్ దగ్గర వోల్టేజ్ డ్రాప్ 0.3కి దిగింది. ఆల్టర్నేటర్‌ను 100 యాంపియర్లది, రెగ్యులేటర్ లోపలే ఉన్నది వేశాం. ఐడిల్‌లో 62 ఇచ్చింది.

రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది: అమ్మీటర్ ముల్లు ఎప్పుడూ చార్జ్ వైపు చివరిదాకా పోతోంది, వాసన ఇంకా పెరిగింది.

వైరింగ్ బొమ్మ ముందు పెట్టుకుని ఉంటే ఈ మాట మనమే ముందు చెప్పేవాళ్లం. ఫ్యాన్‌కు కరెంటు బ్యాటరీ దగ్గర తీశాం. కానీ ఆ కరెంటు పుట్టేది ఆల్టర్నేటర్‌లో. ఈ బండిలో ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి ఉన్న దారి ఒక్కటే: కనెక్టర్ గుండా లోపలికి, అమ్మీటర్ గుండా, మళ్లీ కనెక్టర్ గుండా బయటికి. 33 యాంపియర్లు ఇప్పుడు అప్పటికే కాలిన టెర్మినల్‌ను మాత్రమే కాదు, పక్క టెర్మినల్‌ను కూడా దాటుతున్నాయి. పైగా పాత ఆల్టర్నేటర్‌కు అంత ఇచ్చే శక్తి లేదు, కొత్తదానికి ఉంది. బలహీనమైన ఆల్టర్నేటర్ ఇన్నాళ్లూ ఆ కనెక్టర్‌ను కాపాడిందని చెప్పాలి. ఎక్కువ కరెంటు తీసేది ఏదైనా నేరుగా బ్యాటరీకి కలపాలన్న అలవాటు చాలా బండ్లలో సరైనదే. కరెంటంతా అమ్మీటర్ గుండా పోయే బండ్లలో అది తిరగబడుతుంది.

రెండు దారులు కనిపించాయి. ఫ్యాన్ ఫీడ్‌ను ఆల్టర్నేటర్ స్టడ్ (కరెంటు బయటికి వచ్చే బోల్టు) దగ్గరికి మార్చడం ఒకటి. అలా చేస్తే ఇంజన్ తిరిగేటప్పుడు ఫ్యాన్ కరెంటు క్యాబిన్‌లోకి వెళ్లదు. కానీ ఐడిల్‌లో ఎప్పుడైనా ఆల్టర్నేటర్ చాలకపోతే, లేదా బెల్టు జారితే, బ్యాటరీ నుంచి ఫ్యాన్‌కు కరెంటు మళ్లీ అమ్మీటర్ దారిలోనే రివర్స్‌లో వస్తుంది. కాలడం ఆగదు, అప్పుడప్పుడు కాలుతుందంతే. అందుకే రెండోది ఎంచుకున్నాం: ఆల్టర్నేటర్ స్టడ్ నుంచి బ్యాటరీకి 25 చదరపు మిల్లీమీటర్ల కొత్త వైరు, బ్యాటరీ చివర బోల్టుతో బిగించే 125 యాంపియర్ల ఫ్యూజ్. అమ్మీటర్ వెనక రెండు వైర్ల లగ్గులనూ ఒకే బోల్టుకు కలిపి బిగించి, రబ్బరు బూటు తొడిగి, ఆ స్థానంలో వోల్ట్ మీటర్ పెట్టాం. కనెక్టర్‌లో కాలిన రెండు టెర్మినళ్లు కొత్తవి. ఆ చోటునే ఉన్న పాత ఫ్యూజబుల్ లింకును (కరెంటు మితిమీరితే కరిగి తెగే వైరు ముక్క) తీయలేదు, క్యాబిన్ వైపు వైరింగ్‌కు ఉన్న రక్షణ అదే. డాష్‌బోర్డు పాత అందం కొంచెం పోయిందని యజమాని బాధపడ్డారు. వాసన మాత్రం మళ్లీ రాలేదు.

గాలి వైపు పని

కరెంటు కుదిరాక గాలి చూశాం. ష్రౌడ్ లేని 16 అంగుళాల ఫ్యాన్ ఎదురుగా ఉన్న వృత్తం నుంచే గాలి లాగుతుంది. ఆ వృత్తం దాదాపు 1,300 చదరపు సెంటీమీటర్లు, కోర్ 3,053. అంటే 42 శాతం. మిగతా రేడియేటర్ ఐడిల్‌లో లేనట్టే. 1.6 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో కోర్ మొత్తాన్ని కప్పే పెట్టె చేసి, ఫ్యాన్‌ను దాని మీద కూర్చోబెట్టాం. కోర్‌కు రేకుకు మధ్య 50 మిల్లీమీటర్ల లోతు. మరీ దగ్గరగా పెడితే మూలల నుంచి గాలి ఫ్యాన్ వైపు రాలేదు. పెట్టెను రేడియేటర్ పక్క ఇనప పట్టీలకు బోల్టులతో బిగించాం, కోర్‌ను ఏదీ తాకదు. అంచుల చుట్టూ స్పాంజ్ టేపు. మోటారు వెనక భాగానికి వాటర్ పంప్ మూతికి మధ్య 28 మిల్లీమీటర్లు మిగిలింది. గట్టిగా బ్రేకు వేస్తే ఇంజన్ ముందుకు జరుగుతుంది కాబట్టి ఇంజన్ మౌంట్లు పాతబడితే ఈ ఖాళీ కూడా చాలదు. మౌంట్లు చూసుకున్నాం, బాగున్నాయి.

ట్రాఫిక్‌లో బ్రహ్మాండం. హైవేలో కొత్త జబ్బు: 90 కిలోమీటర్ల వేగంలో 84 దగ్గర ఉండాల్సిన టెంపరేచర్ (అప్పటికే 82 డిగ్రీల థర్మోస్టాట్‌కు మారాం, ఎందుకో కింద చెప్తాం) 97కి వెళ్లింది. ఎదురుగాలి కోర్ దాటి వచ్చి రేకుకు కొట్టుకుని, ఫ్యాన్ రంధ్రం గుండా మాత్రమే బయటపడాలి. నిలబడ్డప్పుడు సాయం చేసే పెట్టె వేగంలో మూత అవుతోంది. నాలుగు మూలల్లో 10 × 8 సెంటీమీటర్ల కిటికీలు కోసి, ఇంజన్ వైపు 3 మిల్లీమీటర్ల రబ్బరు ముక్కలు పై అంచున మాత్రమే రివెట్ చేసి వేలాడదీశాం. ఫ్యాన్ లాగేటప్పుడు రబ్బరు రేకుకు అతుక్కుని మూసుకుంటుంది, వేగంలో గాలి తోసి తెరుచుకుంటుంది. అదే రోడ్డులో అదే వేగంలో 85.

గాలి దిక్కు పరీక్షకు ఒక కాగితం చాలు. గ్రిల్ ముందు పెడితే అతుక్కోవాలి. వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరిగి వేడిగాలిని ముందుకు ఊదుతుంది. శబ్దం మామూలుగానే ఉంటుంది కాబట్టి చెవికి తెలియదు.

స్విచ్ ఎక్కడ, ఎంతకు

రేడియేటర్ కింది ట్యాంకులో, అంటే చల్లబడి బయటికి వచ్చే వైపు స్విచ్ పెట్టడం చాలా కార్లలో ఉన్న పద్ధతి. ఇక్కడ ఇత్తడి ట్యాంకుకు మర ఉన్న బొడిపె అతకాలి, పాత టంకం వేడికి వదిలే ప్రమాదం ఉంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ మీద థర్మోస్టాట్ పక్కనే ఖాళీ మర ఉంది. అక్కడ స్విచ్‌కు కనిపించేది నేరుగా ఇంజన్ వేడి. అయితే ఆఫ్ అయ్యే అంకె థర్మోస్టాట్ తెరుచుకునే అంకెకు పైన ఉండి తీరాలి. 91 థర్మోస్టాట్‌తో ఆ లెక్క పాటిస్తే ఆన్ అయ్యేది 100 దాటుతుంది. 1.1 బార్ క్యాప్‌తో కూలెంట్‌కు అది ప్రమాదం కాదు, కానీ ఇంజన్ మీద కూర్చున్న కార్బ్యురేటర్‌లో పెట్రోల్ మరిగి వేడి స్టార్టింగ్ కష్టమవుతుంది. అందుకని 82 థర్మోస్టాట్ వేసి, లో స్పీడ్ 93కి ఆన్, 88కి ఆఫ్. హై 99కి ఆన్, 94కి ఆఫ్ అయ్యే రెండు స్టేజీల స్విచ్ తీసుకున్నాం.

ఈ మోటారులో లో, హై వైండింగులకు ఒకేసారి కరెంటు ఇవ్వకూడదు. హై రిలే చేంజోవర్ రకం: 30కి ఎప్పుడూ బ్యాటరీ, రిలే పడినప్పుడు కరెంటు ఇచ్చే 87 నుంచి హై, పడనప్పుడు ఇచ్చే 87ఎ నుంచి లో రిలేకు. హై పడగానే లో దానంతట అదే తెగిపోతుంది. చల్లటి ఫ్యాన్ ముందు లోలో లేచి తర్వాతే హైకి వెళ్తుంది కాబట్టి ఆ 90 యాంపియర్ల కుదుపు నిజ జీవితంలో చాలా అరుదు. రిలే కాయిళ్లకు డయోడ్ వేశాం, గీత ఉన్న కాలు 86 వైపు.

మొదటి రోజు లో రిలే టకటకమంటూ కొట్టుకుంది. స్విచ్‌కు ఎర్త్ దాని ఒంటి నుంచే రావాలి. మరకు చుట్టిన తెల్లటి టేపు మందమై స్విచ్ ఒంటికి, బ్యాటరీ నెగెటివ్‌కు మధ్య 40 ఓములు చూపింది. టేపు తీసి, మర మొదటి రెండు చుట్లు వదిలి పలచగా లిక్విడ్ సీలెంట్ రాశాం. ఆ తర్వాత మీటర్‌లో ఆ ఓములు కనిపించలేదు.

ఏసీ ఉన్నప్పుడు కండెన్సర్‌కు (ఏసీ వేడిని బయటికి వదిలే భాగం) గాలి తప్పనిసరి. కంప్రెసర్ క్లచ్ వైరుతో ఒక చిన్న రిలేను నడిపి, అది లో రిలే 85ను (కాయిల్ రెండో చివర) ఎర్త్ చేసేలా కలిపాం. దీంతో హైవేలో అవసరం లేకపోయినా ఏసీ ఉన్నంతసేపు లో తిరుగుతూనే ఉంటుంది. ఏసీ పైపులో ప్రెషర్ స్విచ్ పెడితే ఆ వృథా ఉండదు. కానీ దానికోసం గ్యాస్ మొత్తం తీసి మళ్లీ నింపాలి. 18 యాంపియర్లంటే దాదాపు 245 వాట్లు, ఆల్టర్నేటర్ నష్టాలు కలిపినా అర కిలోవాట్ దాటదు. గ్యాస్ పని ఎప్పుడో వచ్చినప్పుడు చేద్దామని వదిలేశాం.

కీ తీశాక కూడా ఫ్యాన్ తిరగాలని యజమాని కోరిక. వద్దన్నాం. పంప్ ఆగాక నీరు కదలదు. రేడియేటర్ చల్లబడుతుంది, మ్యానిఫోల్డ్‌లోని స్విచ్ మాత్రం వేడిగానే ఉంటుంది. బ్యాటరీ తింటూ ఫ్యాన్ చల్లటి రేడియేటర్‌ను ఇంకా చల్లబరుస్తుంది. దానికి బదులు డాష్‌బోర్డులో రెండు చిన్న దీపాలు, లో, హై వైర్ల నుంచి నేరుగా. దీపం వెలిగితే రిలే దాటి కరెంటు వచ్చిందని తెలుస్తుంది. వెలిగినా టెంపరేచర్ ఎక్కుతుంటే తప్పు ప్లగ్‌లోనో మోటారులోనో ఉంది. చేత్తో ఆన్ చేసే స్విచ్ ఒకటి పెట్టాం, ఆఫ్ చేసేది పెట్టలేదు. ఆఫ్ స్విచ్ ఉంటే ఎప్పుడో ఒకసారి మరిచిపోతారు.

ఫలితం, మిగిలిన హద్దు

బయట 36 డిగ్రీలు, ఏసీ ఫుల్, లైట్లు ఆన్, 40 నిమిషాల ఐడిల్: టెంపరేచర్ 88 నుంచి 95 మధ్య, రెండుసార్లు మాత్రమే 99ని ముట్టుకుని హై పడింది. బ్యాటరీ దగ్గర 13.4 కన్నా తగ్గలేదు. హై తిరిగేటప్పుడు మాత్రం ఆల్టర్నేటర్ అంచు మీద ఉంది: 31, 33 కలిపి 64, అది ఇచ్చేది 62. హై కొద్దిసేపే ఉంటుంది కాబట్టి ఒప్పుకున్నాం.

ట్రైలర్‌తో పరీక్ష అంత హాయిగా లేదు. పొడవాటి ఎత్తు, రెండో గేరు, 25 కిలోమీటర్ల వేగం: హై ఆగకుండా తిరిగి 101 దగ్గర నిలబడింది. దిగలేదు, పెరగలేదు. ఇంకా పొడవైన ఎత్తు, ఇంకా వేడి రోజు అయితే ఏసీ ఆపాల్సి వస్తుందని యజమానికి రాతపూర్వకంగా చెప్పాం. నెలలో ఎక్కువ రోజులు బరువు లాగే బండి అయితే ఈ మార్పిడి వద్దనే చెప్పేవాళ్లం.

మళ్లీ ఇలాంటి బండి వస్తే క్రమం మారుతుంది. ముందు డాష్‌బోర్డులో ఉన్నది ఏ మీటరో చూసి, వైరింగ్ బొమ్మ మీద ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి దారి వేలితో గీస్తాం. తర్వాత ఐడిల్‌లో ఆల్టర్నేటర్ ఎంత ఇస్తుందో కొలుస్తాం. ఫ్యాన్ ఏది కొనాలన్నది ఆ రెండూ తేలాకే. ఈ కేసులో ఆ మొదటి పని మానేసినందుకు ఒక వారం, రెండు టెర్మినళ్లు పోయాయి.

నాలుగు నెలల తర్వాత చూపించడానికి వచ్చినప్పుడు స్పాంజ్ టేపు కింది అంచున ఊడి వేలాడుతోంది. నూనె జిడ్డు మీద అతికించినది నిలవదు, ఈసారి రేకును స్పిరిట్‌తో తుడిచి అంటించాం. ఎర్త్ లగ్గు బోల్టు పావు చుట్టు తిరిగింది. ఫ్యూజ్ హోల్డర్, రిలే సాకెట్ రంగు మారలేదు. ఫ్యాన్ దగ్గర డ్రాప్ 0.3 నుంచి 0.35కి వచ్చింది. ఎర్త్ బిగించాక మళ్లీ 0.3.